రోడ్డు వదిలి వేర్‌హౌస్‌లో యార్డ్ డ్రైవర్‌గా చేరొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏడేళ్లుగా లాంగ్ రూట్‌లో ట్రైలర్ తోలుతున్నారు. ఇంటికి దూరంగా ఉండి ఉండి విసుగొచ్చింది. ఒక పెద్ద వేర్‌హౌస్‌లో యార్డ్ డ్రైవర్ పని దొరికింది. తోటి డ్రైవర్లేమో "అదేం పని, ఆవరణలో అటూ ఇటూ తిప్పడమేగా" అంటున్నారు. చేరొచ్చా, చేరితే ముందు ఏం నేర్చుకోవాలి అన్నారు.

నేను ఆరేళ్లు రోడ్డు మీద, తర్వాత 11 ఏళ్లు యార్డ్‌లో చేశాను. కొత్తవాళ్లకు నేర్పాను కూడా. చేరండి అనే చెప్తాను. కానీ తేలిక పని అనుకుని మాత్రం చేరకండి. రోడ్డు మీద బాగా ఆరితేరినవాళ్లే యార్డ్‌లో మొదటి నెల ఎక్కువ తప్పులు చేయడం చూశాను. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త ఓపికగా చదవండి.

రోడ్డు మీద పొద్దున ఒక ట్రైలర్ తగిలించుకుంటే సాయంత్రం దాకా అదే. ఒక్కోసారి మూడు రోజులైనా అదే. యార్డ్‌లో అలా కుదరదు. బయటి డ్రైవర్ గేటు దగ్గర వదిలి వెళ్లిన లోడును తెచ్చి డాక్‌కు, అంటే వేర్‌హౌస్ గోడలో సరుకు ఎక్కించి దించే తలుపుకు పెట్టాలి. సరుకు దించేసిన ఖాళీ ట్రైలర్‌ను తీసి వరసలో నిలపాలి. ఆ డాక్‌కు ఇంకోటి తేవాలి. రాత్రికి బయల్దేరాల్సిన లోడ్లను ముందే గేటు వైపు సర్ది ఉంచాలి. ఒక ట్రైలర్‌ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడాన్ని మూవ్ అంటాం. నేను చేసిన చోట గంటకు ఐదారు మూవ్‌లు పడేవి, 10 గంటల షిఫ్ట్‌లో 50 దాకా. అంటే 50 సార్లు తగిలించడం, 50 సార్లు విడదీయడం, 50 సార్లు రివర్స్. మీరు రోడ్డు మీద రెండు నెలల్లో చేసేంత ఇక్కడ ఒక్క షిఫ్ట్‌లో చేస్తారు. ట్రైలర్ పనిలో ఎక్కువ ప్రమాదాలు పొంచి ఉండేది సరిగ్గా ఈ మూడింటి దగ్గరే. వేగం తక్కువ, దూరం తక్కువ అని చెప్పి ఇది చిన్న పని అనేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేసుకుని ఉండరు.

ఈ పనికి ఒక్కో చోట ఒక్కో పేరుంది. కొందరు షంటర్ అంటారు, కొందరు స్పాటర్ అంటారు. అమెరికాలో హోస్ట్‌లర్ అనే పేరు కూడా ఉంది. హోస్ట్‌లర్ అంటే పూర్వం సత్రాల దగ్గర బాటసారుల గుర్రాలను చూసుకునే మనిషి. వచ్చినవాళ్ల గుర్రాన్ని తీసుకెళ్లి కట్టేయడం, వాళ్లు బయల్దేరే వేళకు సిద్ధం చేసి తెచ్చివ్వడం అతని పని. మనం చేసేదీ అదే కాబట్టి నాకు ఆ పేరంటే ఇష్టం.

ఇక బండి సంగతి. మీరు తోలిన ట్రాక్టర్‌కూ, అంటే ట్రైలర్‌ను లాగే ముందు బండికీ, దీనికీ పెద్దగా పోలిక లేదు. దీని అసలు పేరు టెర్మినల్ ట్రాక్టర్. కల్మార్ ఒట్టావా, టెర్‌బర్గ్, కెపాసిటీ, ఏ కంపెనీదైనా తీరు దాదాపు ఒకటే. ఒక్క మనిషి పట్టే క్యాబిన్, పొట్టి చాసిస్, ఆటోమేటిక్ గేర్లు, క్యాబిన్‌కు వెనక వైపు ఒక తలుపు. ఆ తలుపు తీసి బయటి మెట్టు మీద నిలబడితే ఎయిర్ పైపులు చేతికి అందుతాయి. నేల మీదికి దిగి చుట్టూ తిరిగి రానక్కర్లేదు. అసలు విశేషం ఫిఫ్త్‌వీల్‌లో, అంటే బండి వెనక ట్రైలర్ ముందు భాగం ఆనే పళ్లెం లాంటి భాగంలో ఉంది. అది హైడ్రాలిక్స్‌తో పైకి లేస్తుంది. ట్రైలర్ ముందు భాగాన్ని తనే ఎత్తేస్తుంది కాబట్టి, విడదీసినప్పుడు ట్రైలర్ నిలబడే కాళ్లను హ్యాండిల్‌తో తిప్పి తిప్పి పైకి లాగే బాధ ఉండదు. ఇన్ని మూవ్‌లు చేయగలుగుతున్నది ఈ ఒక్క ఏర్పాటు వల్లే.

అయితే కొత్తవాళ్లు దాన్ని అవసరానికి మించి ఎత్తేస్తారు. కాళ్లు నేల నుంచి జానెడు లేస్తే చాలు. అంతకు మించి ఎత్తితే బరువు పైకి పోయి మలుపులో ట్రైలర్ ఒరగడం మొదలుపెడుతుంది. పైన రేకులో, లైటో, వైరో ఉంటే ట్రైలర్ ముందు అంచు దానికి తగులుతుంది. ఎత్తైన లోడు, పూర్తిగా లేపిన ముక్కు, గబుక్కున తిప్పిన స్టీరింగ్, ఈ మూడూ కలిస్తే యార్డ్‌లోనే పల్టీ కొడుతుంది, అదీ సైకిల్ తొక్కేంత వేగంలో. సీటు బెల్టు పెట్టుకోకుండా తిరిగేవాళ్లను, వెనక తలుపు తెరిచి ఉంచి తోలేవాళ్లను మీరు చాలామందిని చూస్తారు. వాళ్లను చూసి నేర్చుకోకండి.

తగిలించడం దగ్గరికి వస్తాను. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను మొదటి రెండు రోజులు ఇది తప్ప ఇంకేమీ చేయనివ్వను.

ట్రైలర్ ముందుకు వెళ్లగానే ఆగి, నంబరు సరిపోయిందో లేదో చూడాలి. ఒకసారి చుట్టూ నడవాలి: టైర్లు, కాళ్లు, వెనక తలుపులు, చక్రాల కింద అడ్డు. తర్వాత ఫిఫ్త్‌వీల్‌ను దించి తిన్నగా వెనక్కి వెళ్లాలి. ట్రైలర్ కిందికి కొంచెం దూరాక ఆపి, ఫిఫ్త్‌వీల్‌ను ట్రైలర్ అడుగు రేకుకు ఆనేదాకా లేపాలి. ఆనాకే మళ్లీ వెనక్కి వెళ్లి ట్రైలర్ అడుగున ఉండే ఉక్కు పిన్నును, అంటే కింగ్‌పిన్‌ను, ఫిఫ్త్‌వీల్ దవడలతో పట్టుకోవాలి. ఆనకముందే వెళ్తే పిన్ను దవడల మధ్యకు రాకుండా వాటి పైన నిలబడిపోవచ్చు. అప్పుడు కూడా టక్కుమని చప్పుడు వస్తుంది. తగులుకుందనే అనిపిస్తుంది.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. యార్డ్‌లో చేరిన మూడో వారం, రాత్రి షిఫ్ట్. రేడియోలో ఒకదాని వెనక ఒకటి మూవ్‌లు చెప్తున్నారు. ఒక లోడు ట్రైలర్ కిందికి వెళ్లాను, చప్పుడు వినిపించింది, పైపులు తగిలించాను, లేపాను, కదిలాను. నలభై అడుగులు బాగానే వచ్చింది. వరస చివర మలుపు తిప్పగానే వెనక ఏదో తేలికైనట్టు అనిపించింది. మరుక్షణం ట్రైలర్ ముక్కు ఫిఫ్త్‌వీల్ మీంచి జారి చాసిస్ మీద పడింది. ఒక కాలు వంగిపోయింది, ఎర్ర పైపు తెగి గాలి బుస్సుమంటూ బయటికి వచ్చింది. అక్కడ మనుషులెవరూ లేరు. కానీ అంతకు రెండు నిమిషాల ముందు ట్రైలర్ తలుపులకు వేసిన సీల్ నంబర్లు రాసుకునే కుర్రాడు ఆ మలుపులోనే నిలబడి ఉన్నాడు. తప్పు పూర్తిగా నాదే. చప్పుడు విన్నాను, కళ్లతో చూడలేదు.

అప్పటి నుంచి ఇప్పటి దాకా ఒక్కసారి కూడా మానని పద్ధతి ఇది. పిన్ను తగులుకున్నాక, ట్రైలర్ బ్రేకులు ఇంకా వేసి ఉండగానే మెల్లగా ముందుకు లాగి చూస్తాను. బండి బిగుసుకుని కదలకపోతే లాకు పట్టినట్టు. తర్వాత టార్చి పట్టుకుని ఫిఫ్త్‌వీల్ వైపు వంగి చూస్తాను. గ్రీజు పూసుకున్న దవడలు పిన్ను చుట్టూ మూసుకుని ఉండాలి. ఫిఫ్త్‌వీల్‌కూ పైన అడుగు రేకుకూ మధ్య సందు ఉండకూడదు. ఆ సందులోంచి అవతలి వైపు వెలుతురు కనిపించిందంటే తగల్లేదనే అర్థం, మళ్లీ మొదటి నుంచి చేయాలి. మామూలు కింగ్‌పిన్ మందం 2 అంగుళాలు. 30 టన్నుల ట్రైలర్‌ను మన బండితో కలిపి ఉంచేది ఆ రెండు అంగుళాల ఉక్కే. దాన్ని చూడటానికి పట్టేది పది సెకన్లు.

పైపుల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఎర్ర పైపు ట్రైలర్ ట్యాంకుకు గాలి పంపి స్ప్రింగ్ బ్రేకులను వదిలిస్తుంది. నీలం పైపు మీరు పెడల్ తొక్కినప్పుడు ట్రైలర్ చక్రాలకు బ్రేకు వేస్తుంది. చాలా యార్డ్‌లలో టైమ్ కలిసొస్తుందని ఎర్రది ఒక్కటే తగిలిస్తారు. కొన్నిచోట్ల నీలం పైపు బండికే ఉండదు. అప్పుడు వెనకున్న బరువంతటినీ ఆపే భారం ట్రాక్టర్ బ్రేకుల మీదే పడుతుంది. సమతలంగా ఉన్నచోట, ఖాళీ ట్రైలర్‌తో, నడక వేగంలో అయితే గడిచిపోవచ్చు. నేల తడిగా ఉండి, లోడు ఉండి, కాస్త వాలు కూడా ఉంటే మీరు ఆపాలనుకున్న చోట ఆగదు. లోడు ఉన్నప్పుడు నేను రెండూ తగిలిస్తాను. దానికి పట్టే టైమ్ గురించి ఎవరైనా అడిగితే ఈ మాటే చెప్తాను.

స్ప్రింగ్ బ్రేకుల లెక్క మీకు తెలిసిందే: గాలి ఉంటే వదులుతాయి, పోతే పట్టుకుంటాయి. రోడ్డు మీద ఇది పెద్దగా గుర్తుకు రాదు. యార్డ్‌లో ప్రతి మూవ్‌కూ గుర్తొస్తుంది, ఎందుకంటే మూడు నాలుగు రోజులుగా నిలబడి ఉన్న ట్రైలర్ ట్యాంకులో గాలి ఉండదు. గాలి ఒత్తిడి చూపే గేజీ 100 పీఎస్ఐ దాటేదాకా ఆగండి. ఆగకుండా లాగితే పట్టేసి ఉన్న చక్రాలు తిరగక నేల మీద ఈడ్చుకుంటూ వస్తాయి, టైరు ఒకచోట అరిగి చదునైపోతుంది. గాలి ఎంతకీ ఎక్కకపోతే ముందు పైపు కొన దగ్గరున్న రబ్బరు వాషర్ చూడండి. పది సార్లలో ఎనిమిది సార్లు లీకు అక్కడే. నేను నాలుగు వాషర్లు ఎప్పుడూ జేబులో పెట్టుకుంటాను.

డాక్ దగ్గర జరిగేదాన్ని నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా చూస్తాను. రోడ్డు నుంచి వచ్చినవాళ్లకు దీని అనుభవం ఉండదు, ఎందుకంటే సరుకు దించేటప్పుడు వాళ్లు క్యాబిన్‌లోనో వెయిటింగ్ గదిలోనో ఉంటారు.

డాక్‌కు పెట్టిన ట్రైలర్‌లోకి ఫోర్క్‌లిఫ్ట్ వెళ్తుంది. ఖాళీ ఫోర్క్‌లిఫ్టే మూడున్నర, నాలుగు టన్నులు ఉంటుంది, పైన ప్యాలెట్ బరువు అదనం. అది లోపలికీ బయటికీ తిరిగిన ప్రతిసారీ ట్రైలర్‌ను ఊపుతుంది, మెల్లమెల్లగా డాక్ నుంచి ముందుకు జరుపుతుంది. జరిగి జరిగి మధ్యలో సందు పెరిగితే డాక్‌కూ ట్రైలర్‌కూ మధ్య వంతెనలా వేసే డాక్ ప్లేట్ అంచు జారిపోతుంది, దాని మీద ఉన్న ఫోర్క్‌లిఫ్ట్ మనిషితో సహా కింద పడుతుంది. చక్రాలకు అడ్డు పెట్టేది, డాక్ కింద కొక్కెం లేచి ట్రైలర్ వెనక బంపర్‌ను పట్టుకునేది ఇందుకే. అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా నిబంధన 1910.178 కూడా ఇదే చెప్తుంది: ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి వెళ్లే ముందు ట్రైలర్ బ్రేకులు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. ట్రాక్టర్ తగిలించి లేని సెమీట్రైలర్ అయితే ముందు వైపు జాకీ ఊతం అవసరం కావచ్చని కూడా అందులో ఉంది.

ఆ జాకీ గురించి రెండు మాటలు. ట్రైలర్ కాళ్లు దాని ముక్కు కింద ఉండవు, కొన్ని అడుగులు వెనక్కి ఉంటాయి. ట్రాక్టర్ లేనప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ ఆ కాళ్లు దాటి ముక్కు చివరకు వెళ్తే తక్కెడలో ఒక వైపు బరువు వేసినట్టే. వెనక సరుకు అప్పటికే దించేసి ఉంటే ట్రైలర్ ముక్కు నేలకు గుద్దుకోవచ్చు. అందుకే లోడు ట్రైలర్‌ను డాక్‌కు పెట్టి మీరు వెళ్లిపోతున్నప్పుడు ముక్కు కింద జాకీ పెట్టడం మీ పనిలో భాగమే అనుకోండి. అది వేరేవాళ్ల డ్యూటీ అని ఎక్కడైనా రాసి ఉన్నా సరే, పెట్టారో లేదో చూసి వెళ్లండి.

అన్నిటికంటే భయంకరమైనది లోపల మనిషి ఉండగా ట్రైలర్ లాగేయడం. మీరు ముందు క్యాబిన్‌లో ఉంటారు. ట్రైలర్ 53 అడుగులదైతే దాని అవతలి చివర, గోడ లోపల ఏం జరుగుతోందో మీకు కనిపించదు, వినిపించదు. మీకున్న ఆధారం ఒక లైటు, ఒక ట్యాబ్లెట్‌లో ఒక లైను, రేడియోలో ఒక గొంతు. ఈ మూడూ తప్పు చెప్పగలవు.

ఒక మధ్యాహ్నం 14వ డాక్ నుంచి ట్రైలర్ తీయమని వచ్చింది. ట్యాబ్లెట్‌లో దించడం పూర్తయిందని ఉంది. బయట లైటు పచ్చగా ఉంది. డాక్ కొక్కెం దిగిపోయి ఉంది. అయినా అలవాటు ప్రకారం దిగి, పక్కనున్న చిన్న తలుపు గుండా లోపలికి వెళ్లి చూశాను. ట్రైలర్ ముక్కు చివర చీకట్లో ఒక అబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని, నేలకు అంటుకున్న ప్లాస్టిక్ చుట్టలను చేత్తో పీకి సంచిలో కుక్కుకుంటున్నాడు. ఆ ట్రైలర్‌ను శుభ్రంగా పంపమని అతనికి ఎవరో చెప్పారు. ఇటు నన్ను తీయమని ఇంకెవరో చెప్పారు. ఇద్దరికీ చెప్పినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. నేను పిలిస్తే తల ఎత్తి "రెండు నిమిషాలు అన్నా" అన్నాడు. నేను సరేనని అక్కడే నిలబడ్డాను. క్యాబిన్‌లోకి తిరిగొచ్చి కూర్చున్నాక చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత నేను పట్టుబట్టి అడిగితే తాళం పద్ధతి పెట్టారు. డాక్ తలుపు మూసి, లోపల ఎవరూ లేరని చూసిన మనిషే తాళంచెవి తెచ్చి నా చేతికి ఇవ్వాలి. చెవి నా చేతిలోకి రానిదే ట్రైలర్ కదలదు. అన్ని పద్ధతుల్లోకీ నాకు నచ్చింది ఇదే, ఎందుకంటే ఇందులో ఒక మనిషి ఇంకో మనిషి ముఖం చూసి చెప్పాలి. మీరు చేరబోయే చోట ఇలాంటిది లేకపోతే మీ అంతట మీరే ఒకటి పెట్టుకోండి. డాక్ తలుపు పూర్తిగా మూసి ఉందని కళ్లతో చూడందే లాగకండి. మొదటి పది అడుగులు నడక కంటే నెమ్మదిగా కదలండి. ఆగి, దిగి, వెనక్కి వెళ్లి ట్రైలర్ తలుపులు మూసేటప్పుడు లోపలికి ఇంకోసారి చూడండి.

రివర్స్ మీకు వచ్చు, కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. ఈ ట్రాక్టర్ చాలా పొట్టిది, మీ చేతి అలవాటు ప్రకారం స్టీరింగ్ తిప్పితే ట్రైలర్ అనుకున్నదానికి రెండింతలు తిరుగుతుంది. మొదటి వారం అందరికీ ఇదే ఇబ్బంది. స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్లాలో చేతిని అటే జరపండి, అప్పుడు కుడి ఎడమలు తారుమారు కావు. ఎక్కువ తిప్పేశామనిపిస్తే ముందుకు వచ్చి సరిచేసుకోండి. ముందుకు వచ్చి సరిచేసుకోవడం నామోషీ అనుకునేవాళ్లే పక్క ట్రైలర్ అద్దాన్నో తలుపునో గీకుతారు. వీలున్నంత వరకు మీ కిటికీ వైపు నుంచి కనిపించేలా ట్రైలర్‌ను మలుపుకోండి. అటువైపు కనిపించని కోణంలోనే వెళ్లక తప్పకపోతే దిగి చూసి, మళ్లీ ఎక్కి సగం దూరం వెళ్లి, మళ్లీ దిగి చూడండి.

వెనక చక్రాల జత ముందుకూ వెనక్కీ జరిగే రకం ట్రైలర్ అయితే అవి ఎక్కడున్నాయో ముందే చూడండి. ముందుకు జరిపి ఉంటే వెనక తోక పొడుగై, తిరిగేటప్పుడు బయటికి ఊగి పక్కదాన్ని కొడుతుంది. డాక్‌కు పెట్టే ముందు వాటిని పూర్తిగా వెనక్కి జరపమని చాలాచోట్ల నియమం ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కేటప్పుడు ట్రైలర్ వెనక భాగం కుంగకుండా ఉండటానికి అది. లోడు ట్రైలర్ తలుపులు తీసేటప్పుడు ఒక రెక్కను కొంచెమే తీసి, దాని వెనక నిలబడి లోపల చూడండి. ప్రయాణంలో జారిన ప్యాలెట్ తలుపుకు ఆనుకుని ఉండటం మామూలే.

ఈ పనిలో శరీరం సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. రోజుకు 50 మూవ్‌లంటే క్యాబిన్ మెట్లు వంద సార్లకు పైగా ఎక్కి దిగడమే. నా తోటివాళ్లలో నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం గుద్దుకుని తగిలినవి కావు, దిగేటప్పుడు కాలు మెలిపడి తగిలినవి. ఎప్పుడూ బండి వైపు ముఖం పెట్టే దిగండి. రెండు చేతులూ ఒక కాలూ, లేదా రెండు కాళ్లూ ఒక చేయీ ఎప్పుడూ బండిని పట్టుకుని ఉండాలి. దూకకండి. వెనక మెట్టు మీద ఫిఫ్త్‌వీల్ గ్రీజు చేరుతుంది, షిఫ్ట్ ఎక్కగానే గుడ్డతో తుడిచేయండి. చాలా బండ్లలో వెనక ఇరుసుకు సస్పెన్షన్ ఉండదు, చాసిస్‌కు నేరుగా బిగించి ఉంటుంది. అందుకని ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. రోజంతా వెనక్కి తిరిగి చూసి చూసి మెడ పట్టేస్తుంది. నాకు నాలుగో ఏట మెడనొప్పి మొదలైంది. మెడ ఒక్కటే తిప్పకుండా భుజాలతో సహా తిరగడం అలవాటు చేసుకున్నాకే తగ్గింది. సీటు సరిగా లేని బండి ఇస్తే ఊరుకోకండి, రాసి ఇవ్వండి. మంచి సోల్ ఉండి, చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు కొనుక్కోండి.

వాతావరణం గురించి రోడ్డు మీద నేర్చుకున్నదే చాలా వరకు పనికొస్తుంది. ఎండకు తారు మెత్తబడినప్పుడు లోడు ట్రైలర్ కాళ్లు దిగబడతాయి, కింద పలకలు వేయకుండా దించకండి. గడ్డకట్టే చలిలో బ్రేకు షూలు డ్రమ్ముకు అంటుకుపోతాయి, ట్యాంకుల్లో నీళ్లు రోజూ వదిలేయాలి. వాన రాత్రుల్లో అద్దాల్లో ఏమీ కనిపించదు, మనుషులేమో తల వంచుకుని పరిగెత్తుతుంటారు. అప్పుడు నేను మూవ్‌ల లెక్క చూసుకోను.

కాగితం పని కూడా మీదే. ఏ ట్రైలర్ ఏ వరసలో ఉందో, లోడా ఖాళీనా, సీల్ నంబరు ఎంతో, షిఫ్ట్ మొదట్లో తిరిగి రాసుకోవాలి. చల్లదనం ఉండే ట్రైలర్లయితే ఉష్ణోగ్రత, డీజిల్ మట్టం కూడా చూడాలి. కొత్తవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. తప్పు చోట రాసిన ఒక్క ట్రైలర్ కోసం అరగంట వెతికాక తెలిసొస్తుంది. ఖాళీగా దొరికిన పది నిమిషాల్లో రాబోయే నాలుగు మూవ్‌లకు దారి ఆలోచించి పెట్టుకోండి. గంటకు ఆరు మూవ్‌లు చేసేవాళ్లు బండిని వేగంగా తోలరు. ఒక్క ట్రైలర్‌నూ రెండుసార్లు జరపరు, అంతే తేడా.

మీరు లాంగ్ రూట్‌లో ఒంటరిగా నిర్ణయాలు తీసుకుని ఉంటారు. ఇక్కడ పొద్దస్తమానం రేడియోలో ఎవరో ఒకరు తొందరపెడుతూనే ఉంటారు. లోపల డాక్ వాళ్లకు టెన్షన్, గేటు దగ్గర ఎదురుచూస్తున్న డ్రైవర్‌కు టెన్షన్, ఇద్దరిదీ మీ మీదికి వస్తుంది. ఎవరి మీదా కోపం తెచ్చుకోకండి. గొంతు పెంచకుండా "చూసి కదుపుతాను" అని ఒక్క మాట చెప్పండి. మొదట్లో సణుగుతారు. మూడు నెలలు మీ చేతిలో ఒక్క తలుపూ వంగకపోతే వాళ్లే కొత్తవాళ్లను మీ దగ్గరికి పంపుతారు. కదలికలో ఉన్నప్పుడు ట్యాబ్లెట్ చూడకండి, రేడియోకు జవాబివ్వకండి. ఆగి మాట్లాడండి.

లైసెన్స్ సంగతి దేశాన్ని బట్టి ఉంటుంది. ప్రైవేటు ఆవరణలోనే తిరిగే బండికి కొన్నిచోట్ల హెవీ లైసెన్స్ అక్కర్లేదు కానీ మధ్యలో పబ్లిక్ రోడ్డు దాటాల్సి వస్తే కావాలి. మీకు ఎలాగూ ఉంది, దాన్ని మురిగిపోనివ్వకండి, రెన్యువల్ చేయిస్తూ ఉండండి. ఎలక్ట్రిక్ యార్డ్ ట్రాక్టర్లు కూడా వస్తున్నాయి. నేను కొన్ని నెలలు తోలాను. పొగ లేదు, అదురు తక్కువ, షిఫ్ట్ దిగాక ఒళ్లు నొప్పులు సగం తగ్గాయి. కానీ చప్పుడు ఉండదు కాబట్టి నడిచేవాళ్లకు మీరు వస్తున్నట్టు తెలియదు. పెడల్ మీద కాలు మెత్తగా వేయాలి, మొదటి కదలికలోనే బలంగా లాగుతుంది.

సంతకం పెట్టే ముందు ఒకసారి ఆ యార్డ్‌ను, వీలైతే రాత్రి పూట, చూసి రండి. ట్రైలర్ తీయొచ్చని ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు అని అడగండి. బండ్లకు నీలం పైపు ఉందో లేదో చూడండి. వరసల మధ్య వెలుతురు ఎంత ఉందో, మనుషులు నడిచే దారి గీతలు గీసి ఉందో లేదో, డాక్‌ల దగ్గర జాకీలు వాడకంలో ఉన్నాయో మూలన తుప్పు పడుతున్నాయో చూడండి. అక్కడ చేసే డ్రైవర్ ఒకరిని పట్టుకుని, ట్రైలర్ తీయనని ఎప్పుడైనా చెప్పారా, చెప్తే ఏం జరిగింది అని అడగండి. ఆ జవాబు విన్నాక చేరాలో వద్దో మీకే తెలుస్తుంది. చూసొచ్చాక రాయండి, అక్కడి పద్ధతిలో ఏదైనా అర్థం కాకపోతే నాకు తెలిసినంత వరకు చెప్తాను.